ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు

ముందే ఒప్పేసుకుంటా. మా ఫ్రిజ్‌ను చంపింది నేనే. ఈ సంగతి ఇంట్లో పది రోజులు ఎవరికీ తెలియలేదు, తెలిశాక ఇప్పటిదాకా ఎవరూ మర్చిపోలేదు.

మే నెల, కర్నూలు, మధ్యాహ్నం రెండు గంటలు. ఈ ఊరి ఎండ తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు. ఆదోని నుంచి చిన్నాయన వాళ్లు వచ్చారు. నన్నారి సీసా ఉంది, నిమ్మకాయలున్నాయి, సోడాలు తెచ్చాను, ఐస్ ట్రే మాత్రం ఫ్రీజర్‌లో పేరుకున్న మంచులో కూరుకుపోయి కదలనంటోంది. మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. వాటిల్లో మంచు దానంతటది కరగదు, మనమే బటన్ నొక్కి కరిగించుకోవాలి, ఆ బటన్ నొక్కి మూడు నెలలయింది, అంటే ఫ్రీజర్‌లో అరచెయ్యి పట్టే సందు తప్ప మిగతాదంతా తెల్లటి గుహ. స్విచ్ ఆపేసి, పది నిమిషాలు ఆగి, ఓపిక చచ్చిపోయి, టమాటాలు తరిగే చాకు తీసుకుని ట్రే కింద పొడిచాను. ఒకటి, రెండు, మూడు. మూడోసారికి ట్రే ఊడింది. దాంతోపాటే "సుస్స్..." అని ఒక సన్నటి శబ్దం, కోపంగా ఉన్న పిల్లి మూతి తిప్పుకుంటే వచ్చేలాంటిది, ఒక అర నిమిషం వచ్చి ఆగిపోయింది.

నేనేం చేశానో నాకు ఆ క్షణంలోనే అర్థమయింది. అయినా ఐసు గ్లాసుల్లో వేసి, నన్నారి కలిపి, అందరికీ ఇచ్చి, నేనూ తాగాను. బాగుంది.

మర్నాడు పొద్దున పాలు విరిగాయి. దోసెల పిండి గిన్నె దాటి కింద కూరగాయల డబ్బాలోకి కారింది. అమ్మ ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి "మోటర్ ఆడుతా ఉంది గదా, మరి లోపల ఎందుకు ఉడుకుతోంది" అంది. నేను పేపర్ చదువుతున్నాను.

ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్ కుర్రాడు ఫ్రిజ్ తలుపు తీశాడు, మూశాడు, వెనక్కి వంగి చూశాడు, "గ్యాస్ అయిపోయిందన్నా" అన్నాడు. ఇరవై నిమిషాల్లో గ్యాస్ ఎక్కించి 2,600 తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఫ్రిజ్ చల్లబడింది. నేను లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను, పోనీలే, గండం గడిచింది, ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు అని. శుక్రవారం మళ్లీ పాలు విరిగాయి. ఆ కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇక్కడే నాకు ఆ మాట మీద అనుమానం మొదలైంది. గ్యాస్ అయిపోవడమేంటి? సిలిండర్‌లో గ్యాస్ అయిపోతుంది, ఎందుకంటే దాన్ని మనం కాల్చేస్తాం. బండిలో పెట్రోల్ అయిపోతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్‌ను ఎవరు తింటున్నారు? మా ఇంట్లో అంతకుముందున్న ఫ్రిజ్ పదిహేనేళ్లు ఆడింది, ఒక్కసారీ గ్యాస్ పట్టించలేదు. అది ఎట్లా?

దీనికి జవాబు చెప్పాలంటే మా అవ్వ కుండ దగ్గరికి పోవాలి.

అవ్వ బతికున్న రోజుల్లో నడవాలో ఓ మూల ఇసుక పోసి, దానిమీద కుండ పెట్టి, చుట్టూ తడి గోనెపట్ట చుట్టేది. ఎండ ముదిరే కొద్దీ ఆ నీళ్లు ఇంకా చల్లగా ఉండేవి, చిన్నప్పుడు నాకిది మంత్రంలా అనిపించేది. మంత్రమేం లేదు. కుండకు కంటికి కనపడని కన్నాలుంటాయి, వాటిగుండా నీళ్లు చెమ్మలా బయటికొస్తాయి, ఆ చెమ్మ ఆవిరవుతుంది. ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని లోపలున్న నీళ్లలోంచే లాక్కుంటుంది. ఒక్క గ్రాము నీళ్లు ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడి పట్టుకుపోతుంది, అంటే పక్కనున్న అర లీటరు పైచిలుకు నీళ్లను ఒక డిగ్రీ చల్లబరచగలదు, చెంచాలో ఐదో వంతు నీటిబొట్టు చేసే పని ఇది. మన దిక్కు గాలి పొడిగాలి కాబట్టి చెమ్మ గబగబా ఆరిపోతుంది, అందుకే కర్నూలు, అనంతపురంలో కుండనీళ్లు చల్లబడినట్టు మచిలీపట్నంలో చల్లబడవు. ఇంజెక్షన్ వేసేముందు నర్సమ్మ దూదితో స్పిరిట్ రుద్దితే చెయ్యి జిల్లుమంటుంది చూడండి, అదీ ఇదే.

ఫ్రిజ్ కూడా కుండే. ఇది నేను పోలిక కోసం చెప్పడం లేదు, నిజంగానే లోపల జరిగేది ఇదే: ఒక ద్రవం ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. తేడా ఒక్కటే. కుండ తన నీళ్లను గాలికి వదిలేస్తుంది, అందుకే అవ్వ రోజూ పొద్దున కుండ నింపేది. ఫ్రిజ్ వదలదు. ఆవిరైనదాన్ని పట్టుకొచ్చి మళ్లీ ద్రవం చేసి మళ్లీ వాడుకుంటుంది, అదే ద్రవాన్ని, ఏళ్ల తరబడి. వెనకాల మనకు కనపడే నల్లటి మోటర్, గొట్టాలు, ఆ గోలంతా చల్లబరచడానికి కాదు, ఆవిరిని వెనక్కి తెచ్చుకోవడానికి. మూసేసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ అయిపోయిందంటే ఎక్కడో కన్నం పడిందని అర్థం, అంతే. ఆ కుర్రాడు నింపింది చిల్లుకుండ.

రెండోసారి వచ్చింది పాతబస్తీలో షాపున్న పెద్దాయన. అందరూ చాచా అంటారు, నేనూ చాచా అనే అన్నాను. అరవై దాటి ఉంటాయి. రాగానే పనిముట్లు తియ్యలేదు, ఓ కుర్చీ అడిగి కూర్చుని, ఫ్రిజ్ ఆన్ చేయించి, ఐదు నిమిషాలు ఊరికే విన్నాడు. తర్వాత నన్ను పిలిచి "చెయ్యి ఇట్లా తే బేటా" అని ఫ్రిజ్ పక్కభాగం మీద నా అరచెయ్యి పెట్టించాడు.

"ఉడుకుందా?"

"లేదు చాచా."

"ఉండాల. మోటర్ ఆడుతాంటే పక్కలు కాలాల. కాలలేదంటే లోపల మోసుకొచ్చేదానికి ఏం లేదని లెక్క."

ఈ ఒక్క మాట నాకు ఫ్రిజ్ మొత్తాన్ని తలకిందులు చేసి చూపించింది. మనం ఎప్పుడూ ఫ్రిజ్ లోపల చేతులు పెట్టి చూస్తాం, చల్లగా ఉందా లేదా అని. ఆయన బయట పెట్టి చూస్తాడు, వేడిగా ఉందా లేదా అని. ఎందుకంటే ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చెయ్యదు, అసలు చల్లదనం అనే సరుకే లేదు. పాలగిన్నెలో ఉన్న వేడిని, వంకాయల్లో ఉన్న వేడిని ఎత్తుకొచ్చి వంటింట్లో పారబోస్తుంది. పారబోసిన వేడి బయట తగలకపోతే లోపల పని జరగనట్టే.

మనకు హంద్రీ-నీవా తెలుసు కదా, శ్రీశైలం వెనక జలాల దగ్గర మాల్యాలలో నీళ్లెత్తి, మోటర్లతో మెట్టు మెట్టు ఎక్కించి అనంతపురం దాకా పంపిస్తారు. నీళ్లు వాటంతటవి పల్లానికే పోతాయి, మెరకకు పోవాలంటే పంపుహౌస్ ఉండాలి, కరెంటు కావాలి. వేడి కూడా అంతే. ఉడుకు నుంచి చల్లటివైపుకే పారుతుంది. ఫ్రిజ్‌లో ఐదు డిగ్రీలుంది, వంటింట్లో నలభై ఉంది, ఐదు దగ్గరున్న వేడి నలభై వైపు ఎక్కి పోవాలంటే ఎవరో ఎత్తిపొయ్యాలి. ఆ పంపుహౌస్ పేరే కంప్రెసర్. ఎండాకాలంలో ఫ్రిజ్ ఎందుకు ఆగకుండా ఆడుతుందంటే, ఎత్తాల్సిన ఎత్తు పెరిగింది కాబట్టి. దాని తప్పేం లేదు.

అయితే వేడిని బకెట్లో పట్టి ఎత్తలేం, అక్కడే ఒక చిన్న కిటుకు ఉంది, నాకు అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు వందకు మరగవు, నూట ఇరవై దగ్గర మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. అంటే మరిగే వేడి అనేది నీళ్ల చేతిలో లేదు, మనం పెట్టే ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఒత్తిడి పెంచితే మరగడం ఆలస్యమవుతుంది, తగ్గిస్తే తొందరవుతుంది. ఇప్పుడు నీళ్లను వదిలేసి, మామూలు గాలి ఒత్తిడిలోనే మైనస్ పన్నెండు డిగ్రీల దగ్గర మరిగే ద్రవాన్ని తీసుకోండి. ఐసోబ్యూటేన్ అంటారు, ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద ఆర్-600ఎ అని ఉంటుంది, ఇప్పుడు ఇళ్లకొచ్చే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఇదే. దీన్ని ఫ్రీజర్ గోడల్లోని గొట్టాల్లోకి వదిలి, అక్కడ ఒత్తిడి ఇంకా తగ్గిస్తే మైనస్ ఇరవై చిల్లర దగ్గరే తెర్లుతుంది. మంచుగడ్డ కూడా దానికి పొయ్యిలాంటిదే! ఐస్ ట్రేలో నీళ్లలోంచి వేడి లాక్కుని కుతకుత ఉడికి ఆవిరైపోతుంది.

ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చుకుని నొక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం చూసే ఉంటారు. ఇదీ అట్లాగే వేడెక్కుతుంది, కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గొట్టాన్ని పట్టుకుంటే చెయ్యి వెంటనే తీసేస్తాం. ఇప్పుడు ఆ ఆవిరి మన వంటింటికంటే ఉడుకు. కాబట్టి ఫ్రిజ్ వెనకో పక్కల్లోనో ఉండే కండెన్సర్ గొట్టాల్లో మెలికలు తిరుగుతూ తన వేడిని వంటింటికి ఇచ్చేస్తుంది, ఒత్తిడి ఎక్కువగా ఉంది కాబట్టి యాభై డిగ్రీల దగ్గర కూడా మళ్లీ ద్రవమైపోతుంది. అంటే అదే పదార్థం ఒకచోట మైనస్ ఇరవైలో ఉడుకుతోంది, ఇంకోచోట యాభైలో ద్రవమై కారుతోంది. నేను దీన్ని మొదటిసారి అర్థం చేసుకున్న రోజు రాత్రి నిద్రపట్టక ఇంకోసారి లేచి ఫ్రిజ్ పక్కన చెయ్యి పెట్టి వచ్చాను, అమ్మ లేచి "ఆకలయితాందా" అని అడిగింది.

కిందికి దిగాలి కదా మళ్లీ. పెద్ద ఒత్తిడి నుంచి చిన్న ఒత్తిడికి. దానికి మోటర్ లేదు, వాల్వ్ లేదు, ఉన్నదల్లా వెంట్రుకకు అన్నలాంటి రాగి గొట్టం, కేపిలరీ అంటారు, లోపలి రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు, పొడవు రెండు మూడు మీటర్లు, చుట్టలు చుట్టి ఉంటుంది. అంత సన్నదారిలో నెట్టుకుంటూ వచ్చేసరికి ద్రవం ఒత్తిడంతా పోగొట్టుకుని, ఫ్రీజర్ గొట్టాల్లోకి వచ్చి పడగానే మళ్లీ ఉడకడం మొదలు. ఫ్రిజ్ ఆడుతున్నప్పుడు రాత్రిపూట లోపల్నించి గులగులమని వినిపిస్తుందే, అది ఇదే. దయ్యం కాదు, రిపేరు కూడా కాదు.

ఈ మొత్తం తిరునాళ్లలో ఉన్న సరుకెంతో తెలుసా? మా ఫ్రిజ్‌లో యాభై గ్రాముల లోపు. ఒక చిన్న కప్పు చక్కెరంత బరువు. చాచా చూపించాక నమ్మాను.

సరే, కథకొద్దాం. చాచా కుర్చీలోంచి లేచి, గొట్టం తెరిచి, లోపలికి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగు బ్రష్‌తో పూస్తూ వచ్చాడు. కంప్రెసర్ దగ్గర లేదు. అతుకుల దగ్గర లేదు. ఫ్రీజర్ తలుపు తీసి ట్రే పెట్టే చోట నురుగు రాయగానే ఒక బుడగ లేచింది, చింతగింజంత, పగిలింది, మళ్లీ లేచింది. చాచా వేలితో తుడిచి చూసి, తల తిప్పకుండానే "చాకా, స్క్రూడ్రైవరా?" అని అడిగాడు.

వంటింట్లో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, చిన్నాయన కూడా ఏదో పనిమీద మళ్లీ ఊళ్లోకి వచ్చి అదే టైముకు మా ఇంట్లో ఉన్నాడు. "చాకు" అన్నాను. చిన్నాయన "అందుకేనా ఆరోజు నన్నారి అంత చల్లగా ఉండింది" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ డబ్బా అంటే రెండు పలచటి అల్యూమినియం రేకులు అతికించి, మధ్యలో గ్యాస్ పోవడానికి దారులు ఉబ్బించిన పెట్టె. అంటే మనం డబ్బా అనుకుంటున్నదే గొట్టం. అందులో చాకు దించడమంటే నరంలో దించడమే. ఆరోజు స్విచ్ ఆపి ఉంది కాబట్టి లోపల అంతటా ఒత్తిడి సమానమై, బయటి గాలికంటే ఎక్కువగా ఉండి, గ్యాస్ సుస్సుమని బయటికొచ్చింది. మొదటి కుర్రాడు కన్నం వెతక్కుండా గ్యాస్ నింపాక జరిగింది ఇంకో ముచ్చట: ఈ గ్యాస్‌తో ఆడే ఫ్రిజ్‌లో మోటర్ నడిచేటప్పుడు ఫ్రీజర్ వైపు ఒత్తిడి బయటి గాలికంటే తక్కువకు పోతుంది, అప్పుడు ఆ కన్నం గుండా మన వంటింటి గాలి లోపలికి పోతుంది, గాలిలో తేమ ఉంటుంది, ఆ తేమ కేపిలరీ కొసన మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. మోటర్ ఆగితే గ్యాస్ బయటికి, ఆడితే గాలి లోపలికి. నాలుగు రోజులైనా ఆడిందంటే అదే గొప్ప.

కన్నాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు ముద్ద పెట్టాడు. "ఇది నిలబడితే నీ నసీబు, లేదంటే ఫ్రీజర్ డబ్బా మార్చాల" అని ముందే చెప్పాడు, నాకు ఆ మాట నచ్చింది. మర్నాడు వచ్చి మళ్లీ నైట్రోజన్, మళ్లీ నురుగు, బుడగ లేదు. తర్వాత ఫిల్టర్ మార్చాడు. కండెన్సర్‌కు, కేపిలరీకి మధ్య పెన్సిలంత రాగి గొట్టం, లోపల ఆవాల్లాంటి గింజలు, తేమ పీల్చడానికి. గొట్టం తెరిచిన ప్రతిసారీ ఇది కొత్తది పెట్టాలట. మొదటి కుర్రాడు పెట్టలేదు. తర్వాత వాక్యూమ్ పంపు తగిలించి ముప్పావుగంట వదిలేశాడు, లోపలున్న గాలి, తేమ మొత్తం లాగేయడానికి. ఆ ముప్పావుగంటలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ఆయన రెండు టీలు తాగాడు. ఆఖరుకు గ్యాస్ డబ్బాను బంగారు షాపులో తూకంలాంటి కాటా మీద పెట్టి, స్టిక్కర్ మీద రాసున్న గ్రాములు చూసుకుంటూ, అంత బరువు తగ్గేదాకా వదిలాడు. అందాజు లేదు. ఇంత తక్కువ సరుకులో ఐదు గ్రాములు అటూ ఇటూ అయినా చల్లబడటంలో తేడా వస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా గమనించాను. గ్యాస్ ఉన్న గొట్టాన్ని అంటించడానికి ఎక్కడా మంట వెలిగించలేదు, ముందు కిటికీలు తీయించాడు, పక్కనున్న స్టవ్ సిలిండర్ నాబ్ కట్టేయించాడు. ఐసోబ్యూటేన్ అంటే సిగరెట్ లైటర్‌లో ఉండే గ్యాస్‌కు తోబుట్టువే. ఫ్రిజ్‌లో ఉన్నది కొద్దిగే కాబట్టి మామూలుగా భయం లేదు, మూసేసిన గదిలో మంట టార్చి పట్టుకుని పనిచేసేవాడికి మాత్రం ఉంది. నేను చాకు దించిన రోజు స్టవ్ మీద ఏదీ ఉడకడం లేదు. ఈ విషయం నేను ఇంట్లో ఎత్తలేదు, మీరూ ఎత్తకండి.

అసలు మంటంటుకునే గ్యాస్ ఎందుకు పెట్టారు అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. దీని వెనక పెద్ద కథుంది. మొదట్లో ఇళ్ల ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటివి వాడేవాళ్లు, లీకైతే ప్రాణాలు పోయేవి. బెర్లిన్‌లో అట్లా ఓ కుటుంబం పోయిందని పేపర్లో చదివి ఐన్‌స్టీన్, ఆయన శిష్యుడిలాంటి లియో జిలార్డ్ కలిసి, కదిలే భాగాలే లేని ఫ్రిజ్ కనిపెట్టి 1930లో అమెరికా పేటెంట్ తీసుకున్నారు. అవును, ఆ ఐన్‌స్టీనే. అది బజారుకు రాలేదు, ఎందుకంటే అదే సమయానికి ఫ్రియాన్ అనే గ్యాస్ వచ్చేసింది: విషం కాదు, మండదు, వాసన లేదు. అందరూ పండగ చేసుకున్నారు. 1974లో మొలీనా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇది పైకెళ్లి ఓజోన్ పొరను తినేస్తుందని తేల్చారు, 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఫ్రియాన్ బదులు వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు వెయ్యి రెట్లు పైనే. అట్లా తిరిగి తిరిగి, ఆకాశానికి పెద్దగా హాని చెయ్యని, కాకపోతే మండే గ్యాస్ దగ్గరికి వచ్చాం. దేనికైనా ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సిందే.

అంతకుముందు? అంతకుముందు చల్లదనాన్ని ఓడల్లో తెప్పించుకున్నారు. అమెరికాలో చలికాలం గడ్డకట్టిన చెరువుల్లోంచి మంచు కోసి, రంపపు పొట్టులో చుట్టి, టూడర్ అనే వ్యాపారి కలకత్తాకు, మద్రాసుకు పంపేవాడు. మద్రాసు సముద్రపొడ్డున అది దాచిపెట్టిన ఐస్‌హౌస్ ఇంకా ఉంది, తర్వాత వివేకానందుడు బస చేసిన ఇల్లు అదే. మనమప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే, కానీ ఆ ఐసు ముక్క కర్నూలు దాకా వచ్చి ఉంటుందని నేననుకోను, మనకు కుండే గతి.

పాత ఫ్రిజ్ గురించి కూడా చెప్పాలి, పదిహేనేళ్లు ఆడిందన్నాను కదా. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరిమీద పడినప్పుడు మేం పక్కవాళ్ల రెండో అంతస్తు మిద్దె మీద ఉన్నాం. నీళ్లు తీశాక ఇంటికొస్తే మోకాలిలోతు బురద, వంటింట్లో ఉండాల్సిన ఫ్రిజ్ ముందుగదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. అంత బరువైనది ఎట్లా తేలిందా అని అప్పుడు ఆశ్చర్యపోయాను, ఇప్పుడు తెలుసు: ఫ్రిజ్ గోడలంటే పైన రేకు, లోపల ప్లాస్టిక్, మధ్యలో రెండంగుళాల నురుగు. వేడి బయటినుంచి లోపలికి దూరకుండా పోసే ఆ నురుగు నిండా మూసుకున్న చిన్న చిన్న బుడగలే. తలుపు అంచున అయస్కాంతం రబ్బరు. మొత్తం కలిపి నలభై కిలోలుండే, రెండొందల లీటర్ల పైన నీళ్లను పక్కకు తోసే పెట్టె. పడవ కాక ఇంకేం?

ఎండలో వారం రోజులు ఆరబెట్టాం. అప్పటి మెకానిక్ మోటర్‌ను లేపే రిలే మార్చి, వైర్లు మార్చి ప్లగ్ పెడితే గుర్రుమని ఆడింది! ఎందుకంటే మోటర్, పంపు, నూనె అన్నీ కుండలాంటి ఆ నల్ల కంప్రెసర్ డబ్బాలో పెట్టి పుట్టుకతోనే వెల్డింగ్ చేసేస్తారు, తుంగభద్ర కాదు కదా, గాలి కూడా లోపలికి పోదు. మా బీరువా పోయింది, టీవీ పోయింది, అమ్మ పెళ్లి ఫొటోలు పోయాయి. అది మాత్రం ఇంకో ఆరేళ్లు పనిచేసింది, తలుపు తీసినప్పుడల్లా కొద్దిగా ఏటి వాసనతో.

ఆ పాతదానికి వెనక నల్లటి జాలీలా కండెన్సర్ కనపడేది, వానాకాలం నాన్న సాక్సులు దానిమీద ఆరేసేవాడు. కొత్తవాటిలో చాలావరకు దాన్ని పక్కగోడల రేకు వెనక దాచేశారు. అందుకే కొత్త ఫ్రిజ్ కొన్న ప్రతి ఇంట్లో మొదటి వారం ఒక ఫోన్ వస్తుంది, "పక్కలు కాలుతున్నాయి, షార్ట్ అవుతుందేమో" అని. కాదు. కాలాలి. కాలేదానికి గాలి ఆడాలి. మా వీధిలో ఒకరు ముచ్చటపడి వంటింట్లో చెక్కపని చేయించి ఫ్రిజ్‌ను సరిగ్గా పట్టేంత గూట్లో దోపారు, వేలు దూరే సందు లేదు. పారబోసిన వేడి పోయే దారి లేక అది రోజంతా ఆడుతూనే ఉంది, కరెంటు బిల్లు చూసి మీటర్ తప్పంటున్నారు. మూడు వైపులా నాలుగేసి అంగుళాలు వదిలితే చాలు, చెక్కపని అందం కాస్త తగ్గుతుంది, అంతే.

నాబ్ మీద అంకెల సంగతి చాచాను అడిగాను, ఎందుకంటే మా ఇంట్లో దానిమీద ఎప్పుడూ గొడవ. అది డిగ్రీలు కాదు. అంకె పెద్దదైతే ఎక్కువ చల్లదనం, అంటే మోటర్ ఆగే హద్దును ఇంకా కిందికి జరపడం. ఏడులో పెడితే తొందరగా చల్లబడదు, ఎక్కువసేపు ఆడుతుంది. కరెంటు పోయి రాగానే వెంటనే స్విచ్ వెయ్యొద్దన్నాడు, ఒక ఐదు నిమిషాలు ఆగితే ఆ సన్న గొట్టం గుండా రెండు పక్కలా ఒత్తిడి సమానమవుతుంది, లేకపోతే మోటర్ ఎదురు ఒత్తిడి మీద లేవలేక మూలిగి, టక్కుమని మోటర్‌ను కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ ఆపేస్తుంది. మే నెలలో అర్ధరాత్రి కరెంటు వచ్చాక వంటింట్లో వినపడే ఆ టక్ టక్ అదే.

మా తమ్ముడి కొడుకు ఒకడున్నాడు, ఏసీ లేదు కదా, ఫ్రిజ్ తలుపు తీసిపెట్టి ముందర బేతంచెర్ల బండమీద పడుకుంటాడు. ముఖానికి చల్లగానే ఉంటుంది. కానీ ముందునుంచి లాగిన వేడిని అదే గదిలో పక్కలనుంచి పారబోస్తోంది, పైగా తాను తినే వంద వాట్ల కరెంటు కూడా వేడై అక్కడే కలుస్తుంది, అంటే తలుపు తీసిన ఫ్రిజ్ గదిని వేడెక్కిస్తుంది. వాడికి ఇది చెప్పాను. "మరి ఏసీ ఎట్లా చల్లబరుస్తుంది?" అన్నాడు. దాని వీపు ఇంటి బయట ఉంటుంది కాబట్టి. వాడు కాసేపు ఆలోచించి, ఫ్రిజ్‌ను గుమ్మంలో అడ్డంగా పెడితే ఎట్లా ఉంటుందని అడిగాడు. లెక్కప్రకారం తప్పులేదు!

చాచాకు మొత్తం 3,200 అయింది. వెళ్తూ వెళ్తూ ఫ్రీజర్ మంచు చిటికెనవేలి మందం దాటకముందే కరిగించమన్నాడు, మంచు కూడా దుప్పటిలాంటిదే, గోడకు, గిన్నెకు మధ్య పేరుకుని వేడిని ఆపేస్తుంది. నాబ్ మధ్యలో ఉన్న బటన్ రాత్రి నొక్కితే, కరిగాక మోటర్ దానంతటదే మళ్లీ మొదలవుతుంది.

ప్యాచ్ నిలబడింది, మళ్లీ ఎండాకాలం వచ్చింది. నిన్న చిన్నాయన ఫోన్ చేసి ఆదివారం వస్తామన్నాడు. రాత్రి బటన్ నొక్కి, కింద పాత టవల్ పరిచి, పొద్దున లేచేసరికి మంచు మెత్తబడి పలకలు పలకలుగా ఊడుతోంది, చేత్తోనే తీశాను. తర్వాత టమాటాలు తరుగుదామని చూస్తే చాకు లేదు. అమ్మను అడిగితే బియ్యం డబ్బాలో ఉందంది, వాళ్లు వచ్చి పోయేదాకా అక్కడే ఉంటుందట.